పరుపులాయన ఫిర్యాదు

లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు ఎర్ర బొత్తాం నొక్కితే ఫోను మా గదిలో మోగుతుంది. మా కంపెనీ లిఫ్టులు ఊరంతా ఉన్నాయి. మా గది మాత్రం ఒకటే. కిటికీ లేదు. చప్పుడు ప్రతిధ్వనించకుండా గోడలకు మెత్తటి అట్టలు అంటించారు. పగటిపూట అందులో ఇద్దరం కూర్చుంటాం, నేనూ, నా పక్క కుర్చీలో తుపాకి అని మేం పిలుచుకునే అమ్మాయీ. మాటలు ఆపకుండా పేలుస్తుంది కాబట్టి ఆ పేరు. తనకీ ఆ పేరు ఇష్టమే.

మెకానిక్ చేరేదాకా లోపలి మనిషిని మాటల్లో పెట్టడం మా పని. లిఫ్టు ఆగిపోయినంత మాత్రాన ఎవరూ చావరు. ఆగిన లిఫ్టులోంచి తామే బయటపడదామని తలుపులు లాగి, రెండంతస్తుల మధ్య సందులోంచి దూకబోయి చస్తారు. అందుకని వాళ్ళ చేతులు తలుపు మీదికి పోకుండా చూడాలి. లోపల ఎంతమంది ఉన్నారు, లైటు వెలుగుతోందా, కూర్చోవడానికి చోటుందా, ఇంటికెళ్ళి ఏం చేద్దామనుకున్నారు అని ఏదో ఒకటి అడుగుతూ ఉండాలి. అడిగే గొంతులో కంగారు ఉండకూడదు. ఇన్నేళ్ళలో నా గొంతు ఆ దారికి అలవాటుపడిపోయింది. ఇంట్లో పాలు పొంగిపోతున్నాయని చెప్పినా అదే గొంతు. మా ఆయన నన్ను ఆపరేటర్ గారూ అని పిలవడం అందుకే.

ఒకేసారి రెండుమూడు ఫోన్లు వస్తే మెకానిక్‌ని ముందు ఎటు పంపాలో మేమే తేల్చాలి. దానికి మా గదిలో ఒక పద్ధతి ఉంది. అరిచేవాళ్ళ గురించి దిగులు లేదు. తిట్టేవాళ్ళ గురించి అసలే లేదు. తిట్టాలంటే బోలెడు ఊపిరి కావాలి. మాట తగ్గిపోతున్నవాళ్ళనే కనిపెట్టుకుని ఉండాలి. పరవాలేదండీ, నిదానంగా రండి అని ఎవరైనా అన్నారంటే మెకానిక్ అక్కడికి పరిగెత్తాలన్నమాట.

ఈ పద్ధతి లోకమంతా ఇలాగే నడుస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. అనుకోకుండానే నమ్మాను. డాక్టరు దగ్గర నేను చేసిన పొరపాటు అదే.

నా ఇబ్బంది వాసనతో మొదలయ్యేది. ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మాడుతున్న వాసన. లేచి వంటిల్లు చూసేదాన్ని, స్విచ్చులు చూసేదాన్ని. మా ఆయన ముక్కు ఎగబీల్చి, నాకేం రావట్లేదే అనేవాడు. వాసన వెనకాలే కడుపులోంచి ఏదో పైకి లేచి గొంతు దాకా వచ్చేది. ఆ తర్వాత ఎదుటివాళ్ళ మాటలు ఉత్త చప్పుళ్ళయిపోయేవి. తెలిసిన గొంతే, తెలిసిన మాటలే, కానీ ఒక్కదానికీ అర్థం అంటుకునేది కాదు. ఆ పైన ఏమయ్యేదో తెలియదు. మళ్ళీ చూసేసరికి అంతా కాస్త ముందుకు జరిగి ఉండేది. స్టవ్ మీద నీళ్ళు మరుగుతుండేవి. ఎవరో నా జవాబు కోసం ఎదురుచూస్తుండేవాళ్ళు. కునుకు తీసినవాడికి లేచాక తను కునుకు తీశానన్న సంగతైనా తెలుస్తుంది. నాకు ఎక్కడికో వెళ్ళొచ్చినట్టు ఉండేది కాదు. నేను ఉన్నచోటే ఉంటే, నన్ను పిలవకుండా లోకం ఒక అడుగు వేసేసినట్టుండేది.

ఇంట్లో అయితే సర్దుకునేదాన్ని. ఫోను చేతిలో ఉన్నప్పుడు వస్తే ఏమిటన్నదే నా భయం. ఆ అడుగు వేసే లోపల అవతలివాళ్ళు తలుపు మీద చెయ్యి వేస్తే?

డాక్టరుకి మా పేటలో మంచి పేరుంది. మెట్లెక్కి వెళ్ళాలి. కింద మందుల షాపు. గదిలో బరువు తూచే యంత్రం, చెవి లోపలి భాగాలు చూపించే రంగురంగుల ప్లాస్టిక్ బొమ్మ ఉన్నాయి. రోగి కుర్చీ ఆయన కుర్చీ కంటే కొంచెం తక్కువ ఎత్తులో ఉంటుంది. ముసలివాళ్ళు లేవడానికి వీలుగా కాళ్ళు కోయించారని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆయన మాటలు పైనుంచి పడుతున్నట్టు అనిపించింది.

జరిగింది జరిగినట్టు చెప్పాను. వాసన, కడుపులోంచి లేవడం, మాటలు అర్థం కాకపోవడం, అంతా వరసగా. చెబుతున్నకొద్దీ నా గొంతు తగ్గుతోందని నాకే తెలుస్తోంది. తగ్గనిచ్చాను. ఎదుటివాడికి ప్రమాదం తెలియాలంటే గొంతు తగ్గాలని నా ఒంటికి తెలుసు. చివర్లో, పరవాలేదండీ, రోజూ రాదు అని కూడా అన్నాను. అని, ఆయన పరిగెత్తుతాడని ఎదురుచూశాను.

ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. రక్తపోటు చూశాడు. అది ఎంతసేపు ఉంటుందని అడిగాడు. తెలీదండీ, అప్పుడు నేనుండను కదా అన్నాను. ఆయన నవ్వాడు. వెటకారం నవ్వు కాదు, మంచి నవ్వే.

"ఇంత చక్కగా, పూసగుచ్చినట్టు చెప్తున్నారు. ఇలా చెప్పగలిగేవాళ్ళకి బుర్రలో ఏమీ ఉండదమ్మా." అన్నాక తనకే తట్టింది. "అంటే, జబ్బు ఏమీ ఉండదని."

నేనూ నవ్వాను. అక్కడ నవ్వకుండా ఉండాల్సింది.

నిద్ర ఎలా పడుతుంది, పనిలో ఒత్తిడి ఉందా, నెలసరి ఆగిందా అని అడిగాడు. పిల్లలెంతమంది అన్నాడు. లేరన్నాను. ఆయన తల ఊపాడు, వెతుకుతున్న తాళంచెవి దొరికినవాడిలా. ఈ వయసులో ఆడవాళ్ళకి ఇలాంటివి మామూలే అన్నాడు. మనసు ఒక పక్కకి లాగుతుంటే ముక్కూ చెవీ కూడా అబద్ధాలాడతాయన్నాడు. బలానికి ఒకటి, నిద్రకి ఒకటి మాత్రలు రాసి, సాయంత్రం పూట నడవమని చెప్పి బెల్లు కొట్టాడు. కొన్ని ఫోన్లు ఎలా ముగించాలో కొత్తవాళ్ళకి నేనే నేర్పుతుంటాను. ముందు వాళ్ళ మాటే వాళ్ళకి తిరిగి చెప్పాలి, తర్వాత ధైర్యం చెప్పాలి, ఆ తర్వాత వాళ్ళు చెయ్యగలిగిన చిన్న పని ఒకటి అప్పజెప్పాలి. సాయంత్రం నడక అప్పజెప్పించుకుని మెట్లు దిగాను.

మా ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. ఏమన్నాడు అని అడిగితే ఏమీ లేదన్నాడని చెప్పాను. ఆయన భుజాలు దిగాయి. అవి అంతకు ముందు పైకి బిగిసి ఉన్నాయని అప్పుడే గమనించాను. నేను ముందే అన్నానా అని వెంటనే అందుకున్నాడు. "నీకు మాడు వాసన వస్తోందంటే నేనొక్కటే అనుకున్నా. మా ఆవిడ వంట నేర్చుకుంటోందని." ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. ఆయన నిద్ర నేను చెడగొట్టదలచుకోలేదు.

తర్వాతి రోజుల్లో నా మీద నాకే ఒక కన్ను మొలిచింది. డాక్టరు ఒత్తిడి అన్నాడు కాబట్టి ఒత్తిడి కోసం వెతికాను. దొరికింది కూడా. వెతికితే ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. పిల్లలు లేని బాధ కోసం వెతికాను. అది ఎప్పుడో మడతపెట్టి అటక మీద పడేసిన దుప్పటి. దాన్ని కిందికి దించి, దులిపి, ఈ వాసన దీనిదేనా అని చూసుకున్నాను. కొన్నాళ్ళు అవునేమో అనిపించింది. అలా అనిపించడంలో ఒక సుఖం ఉంది. నా మనసు చేసిన తప్పయితే నా మనసుకి చెప్పుకోవచ్చు. వాసన మాత్రం వస్తూనే ఉంది.

తుపాకికి చెబితే తప్పంతా నాదేనంది.

"డాక్టర్ల దగ్గర అలా చెప్తారా ఎవరైనా? ఏడవాలక్కా. మా పిన్నిని చూడు, వేలికి ముల్లు గుచ్చుకుంటే ఆసుపత్రంతా తలకిందులు చేసింది. నువ్వు పోయేరోజు కూడా ఆ యముడికి, లైన్లో ఉండండి అని చెప్తావు."

స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఏడుస్తూ చెప్పడం అభ్యాసం చేశాను. నాకు ఏదో అవుతోంది డాక్టర్ గారూ అని అద్దంలో అన్నాను. వచ్చీరాని నటిలా ఉన్నాను. రెండోసారి వెళ్ళినప్పుడు ఏడుపు రాలేదు, గొంతు మాత్రం కొంచెం పెంచాను. ఆయన పెంచిన గొంతు విని, చూశారా, ఎంత కంగారు పడుతున్నారో అన్నాడు. నిద్రమాత్ర మార్చాడు. నెమ్మదిగా చెబితే జబ్బు లేదు, గట్టిగా చెబితే కంగారు. ఈ రెంటికీ మధ్య ఒక గొంతు ఉండే ఉంటుంది. అది నాకు చేతకాలేదు.

పరుపులాయన ఫోను ఆ తర్వాత వచ్చింది. పరుపుల దుకాణం నుంచి సరుకు ఇళ్ళకి చేర్చే మనిషి. డబుల్ కాట్ పరుపు నిలబెట్టి లిఫ్టులోకి తోసి, తనూ దూరాడు. లిఫ్టు మధ్యలో ఆగింది. ఆయన అరిచేరకం. తిట్టేరకం కూడా.

"పరుపుంది గానీ పడుకోడానికి చోటు లేదమ్మా. గోడకి అంటుకుపోయిన బల్లిలా ఉన్నా. మీ కంపెనీ వాణ్ణి ఒకణ్ణి తెచ్చి ఇందులో పెట్టండి, తెలుస్తుంది."

మెకానిక్ బయల్దేరాడని చెప్పాను. పరుపు ఎవరింటికని అడిగాను. కొత్తగా కాపురం పెట్టినవాళ్ళని చెప్పాడు, ఆ పైన వాళ్ళ గురించి ఒక మోటు జోకు కూడా వేశాడు. జోకులు వేస్తున్నాడంటే ఢోకా లేదనుకున్నాను. తలుపు ముట్టుకోకండి అని చెప్పబోతున్నాను. చెప్పబోతున్నానన్నది గుర్తుంది. గుడ్డ మాడింది.

మళ్ళీ వినిపించిన మొదటి మాట, "కాలు పట్టింది, నడుమే పట్టట్లేదు."

తలుపు తెరిచానన్నాడు. అడుగున గట్టు కనిపిస్తోంది, ఒక కాలు బయటపెట్టేశాను, మీరు పలకకపోతే నేనేం చెయ్యను అన్నాడు. కాలు లోపలికి తీసుకోండి అని చెప్పాను. నా గొంతు మామూలుగానే ఉంది. అది నాది కానట్టు, ఎక్కడో ముందే చేసి పెట్టిన వస్తువులా వచ్చింది. కాలు లోపలికి తీసుకోండి, పరుపుకి వీపు ఆనించండి, ఆనించారా. ఆయన గొణుగుతూ ఆనించాడు. కాసేపటికి మెకానిక్ గొంతు వినిపించింది. ఫోను పెట్టేశాక నా చేతులు చూసుకున్నాను. పమిట అంచు ముద్దముద్దగా నలిగి ఉంది.

మర్నాడు మా సూపర్‌వైజరు నన్ను తన గదికి పిలిచాడు. నెమ్మదైన మనిషి, రిటైరవడానికి దగ్గర్లో ఉన్నాడు, ఎవర్నైనా ఒక మాట అనాల్సి వస్తే ముందు కళ్ళద్దాలు తుడుచుకుంటాడు. తుడుచుకున్నాడు. నా మీద ఫిర్యాదు వచ్చిందన్నాడు. లిఫ్టులో మనిషి ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉంటే ఫోనులో ఆవిడ తింటూ కూర్చుందని పరుపులాయన దుకాణం యజమాని చేత చెప్పించాడట.

"తుపాకి అంటే నమ్మేవాణ్ణమ్మా. మీరేమిటి?"

ఏం తింటున్నానన్నాడండీ అని అడిగాను. ఏమిటైతే ఏమిటని ఆయన విసుక్కున్నాడు. చెప్పండి అన్నాను. కాగితం చూసి చెప్పాడు. చప్పరింపు అట. నోట్లో ఏదో పెట్టుకుని చప్పరిస్తూ, మధ్యలో మింగుతూ, ఎంత పిలిచినా పలక్కుండా.

నేను ఆ పూట నీళ్ళు కూడా ముట్టలేదు.

గదికి తిరిగొచ్చి తుపాకిని అడిగాను. అది మొదటిసారి మాట తడుముకుంది. నిన్న తనూ ఫోనులో ఉందట. పక్కకి చూస్తే నా నోరు ఆడుతోందట. చేత్తో పమిట నలుపుతున్నానట. "పిలిచానక్కా. నా వైపు చూశావు కూడా. చూసి, గోడని చూసినట్టు చూశావు. కోపమొచ్చిందేమో అనుకున్నా." ఇదివరకు కూడా చూశావా అన్నాను. తల దించుకుంది. అలవాటేమో అనుకున్నానంది.

ఒక మనిషి తన వీపుని తను చూసుకోలేదు. నా వీపు ఇన్నాళ్ళూ అందరికీ కనిపిస్తోంది. అందరూ దానికి తలొక పేరు పెట్టుకున్నారు. తిండి, కోపం, అలవాటు, వయసు. నాకు భయం వేయలేదు. ఒక విధమైన కుతూహలం కలిగింది, నా పేరే ఉన్న ఇంకొకావిడ గురించి ఎవరో చెబుతున్నట్టు.

సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి నన్ను ఫోను మీద కూర్చోబెట్టొద్దని చెప్పాను. చిన్న ఫిర్యాదుకి ఇంత పట్టింపా అన్నాడు. పట్టింపు కాదండీ, మళ్ళీ తింటాను అన్నాను. ఆయన మళ్ళీ కళ్ళద్దాలు తుడుచుకుని, విడిభాగాల గదిలో కొన్నాళ్ళు కూర్చోమన్నాడు. అక్కడ బోల్టులూ తాళ్ళూ ఉంటాయి. ఎవరూ పలకరించరు.

ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను చూడగానే, నడుస్తున్నారా అన్నాడు. నేను కూర్చుని, నా గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. నా మీద ఒక మనిషి ఫిర్యాదు చేశాడండీ, మీరు ఒకసారి వినాలి అని, దుకాణంలో అడిగి తెచ్చుకున్న నంబరు కలిపి ఫోను ఆయన చేతికిచ్చాను. ఇదేమిటన్నట్టు చూస్తూనే అందుకున్నాడు.

పరుపులాయన గొంతు బల్ల ఇవతలికి వినిపిస్తోంది. కంపెనీవాళ్ళే అనుకుని మొదలుపెట్టాడు. డాక్టరు మొదట ఫోను చెవికి కొంచెం ఎడంగా పట్టుకున్నాడు. తర్వాత దగ్గరికి తెచ్చుకున్నాడు. ఎంతసేపు చప్పరించింది, మధ్యలో పేరు పెట్టి పిలిస్తే ఊ కొట్టిందా, మాట మధ్యలో ఆగిందా, చివర ఆగిందా అని అడిగాడు. నన్ను ఇవేవీ అడగలేదు. అడిగినా నా దగ్గర జవాబుల్లేవు. అవన్నీ ఒక పరుపుతో పాటు లిఫ్టులో ఉండిపోయాయి.

కాసేపటికి అవతల అరుపు ఆగింది. పరుపులాయన ఏదో అడిగాడు. ఫోను తిరిగి ఇస్తూ డాక్టరు, మీతో మాట్లాడతాడట అన్నాడు.

"మీకు ఒంట్లో బాలేదా అమ్మా? నేను తింటున్నారనుకున్నానమ్మా."

పరవాలేదండీ అన్నాను.

డాక్టరు కుర్చీలోంచి లేచి ఇటు వచ్చాడు. కళ్ళలో టార్చి వేశాడు. వేలితో ముక్కు ముట్టుకోమన్నాడు, గీత మీద నడవమన్నాడు, ఏవో మాటలు చెప్పి కాసేపాగి తిరిగి చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన చీటీ మీద రాయడం మొదలుపెట్టి, తల ఎత్తకుండా అన్నాడు.

"ఇదంతా మొదటే చెప్పాల్సిందమ్మా."

చెప్పానా, చెప్పలేదా అని నిజంగానే ఆలోచించాను. చెప్పానేమో. ఆయన విన్నాడు కూడా. విన్నది నన్ను, నా జబ్బుని కాదు. ఆ సంగతి చెప్పడానికి నోరు తెరిచి, మానుకున్నాను. ఎందుకంటే ఆయన నవ్వడం లేదు. ఇన్నాళ్ళూ ఆ నవ్వు మీద నాకు కోపం ఉందనుకున్నాను. అది పోయాక తెలిసింది, నేను దాన్ని చలికాలపు దుప్పటిలా కప్పుకుని తిరుగుతున్నానని. ఏం లేదమ్మా అని ఇంకొక్కసారి అనమని అడగాలనిపించింది. అంటే నమ్మి ఇంటికెళ్ళి నిద్రమాత్ర వేసుకుని పడుకునేదాన్ని.

మూర్ఛలో ఇదొక రకం అయ్యుండొచ్చన్నాడు. ఈ వయసులో కొత్తగా మొదలైందంటే కారణమేమిటో తల లోపల చూడాలన్నాడు. రేపు కాదు, ఇవాళే స్కాన్ తీయించమని, తన స్నేహితుడికి ఫోను చేసి మాట్లాడాడు. తోడు ఎవరొచ్చారని అడిగాడు. ఎవరూ రాలేదన్నాను. ఒంటరిగా మెట్లు దిగనివ్వనని, ఎవరినైనా పిలిపించమని అన్నాడు.

మా ఆయనకి ఫోను చేశాను. కారులో ఉన్నాడు, ఎవరికో గేరు మార్చమని చెబుతున్నాడు.

"ఏంటి ఆపరేటర్ గారూ, మళ్ళీ ఏం లేదన్నాడా?"

"ఉందట."

ఇండికేటరు టిక్కుటిక్కుమనడం వినిపించింది. ఎక్కడున్నావన్నాడు. చెప్పాను. కదలకు అన్నాడు.

స్కూలు కారులోనే వచ్చాడు. స్టీరింగు ముందు, ఈమధ్యే రిటైరయిన ఒక లావుపాటి లెక్కల మేష్టారు కూర్చుని ఉన్నాడు. మధ్య దారిలో దింపేస్తే ఆయన ఇల్లు చేరలేడట. తీరా వచ్చాక, నేను నడుపుతాను జరగండి అని మా ఆయన అన్నాడు. మేష్టారు దిగడానికి బెల్టు ఊడదీసుకోలేక అవస్థపడుతుంటే, సరే పోనివ్వండి మేష్టారూ అని పక్కనే కూర్చున్నాడు. నేను వెనక కూర్చున్నాను. కారు రెండుసార్లు ఎగిరి ఆగిపోయి, మూడోసారి కదిలింది.

మా ఆయన ముందుకే చూస్తున్నాడు. మెడ వెనక చెమట పట్టింది. క్లచ్ మెల్లగా వదలండి, భయపడకండి, నేనున్నాను అని చెబుతున్నాడు. మేష్టారికే చెబుతున్నాడు. సిగ్నల్ దగ్గర వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. కొట్టుకోనివ్వండి, వాళ్ళకేం పని లేదు అన్నాడు. సిగ్నల్ దాటాక, తల తిప్పకుండానే, గొంతు మార్చి అడిగాడు.

"అది వచ్చినప్పుడు ఎలా ఉంటుంది?"

ఆ ప్రశ్న ఆయన ఇదివరకెప్పుడూ అడగలేదు. చెప్పడం మొదలుపెట్టాను. వరస కుదరలేదు. ముందు పరుపులాయన కాలు సంగతి వచ్చింది, తర్వాత వాసన, మధ్యలో స్నానాల గదిలో అద్దం. చెప్పినదే మళ్ళీ చెప్పాను. ఒకచోట మాట ఆగి, ముక్కు తుడుచుకోవాల్సి వచ్చింది. ఆయన జోకు వెయ్యలేదు. సీట్ల సందులోంచి చెయ్యి వెనక్కి చాపి నా మోకాలి మీద పెట్టి, అలాగే ఉంచాడు. ముందు సీట్లో మేష్టారు ఊపిరి బిగబట్టి వింటున్నాడు. కారు నడకంత మెల్లగా పోతోంది.

"అయ్యో, సందు దాటిపోయామండీ," అన్నాడు మేష్టారు, తనే తప్పు చేసినట్టు.

"పరవాలేదు. ముందు తిప్పుకుందాం," అన్నాడు మా ఆయన. "నువ్వు చెప్పు."